నాలుగో బల్బు

గౌలిపురలో మా ఇంటి హాలు ఒకప్పుడు బర్రెల కొట్టం. నాయనమ్మ ఉన్న రోజుల్లో అక్కడ నాలుగు బర్రెలు ఉండేవి. నాలుగింటికీ కలిపి ఒక్క బల్బు. వెలుతురు చాలడం లేదని అవి ఏనాడూ అనలేదు. బర్రెలు పోయి, కొట్టం హాలై, అమ్మ, బాపు, నేను అందులో కూర్చోవడం మొదలుపెట్టాక మాత్రం మా ముగ్గురికీ నాలుగు బల్బులు కావాల్సి వచ్చాయి. అవీ మామూలువి కావు. ఫాల్స్ సీలింగుకు గుండ్రంగా రంధ్రాలు కోసి, లోపల దాచినట్టు బిగించిన చిన్న హాలోజన్ బల్బులు. ఇంటి కరెంటు వాటికి నేరుగా పోదు. సీలింగు పైన ఉన్న ఒక ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా దాన్ని పన్నెండు వోల్టులకు దించి పంపుతుంది.

ఈ ఏర్పాటంతా బాపుదే. ఆయన ప్రభుత్వ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆయనకు మిగిలిన కరెంటు పని ఈ నాలుగు బల్బులే.

హాలోజన్ బల్బు విపరీతంగా వేడెక్కుతుంది, తొందరగా పోతుంది. మా ఇంట్లో రెండు మూడు నెలలకొకటి పోయేది. బల్బు పోయిన రోజు బాపు హుషారు చూడాలి. అల్మారాలోంచి కొత్త బల్బు వచ్చేది, జేబులోంచి ఉతికిన దస్తీ వచ్చేది, వంటింట్లోంచి స్టూలు వచ్చేది. ఆ బల్బును వట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటితే గాజు అక్కడ ఎక్కువ వేడెక్కి పాడైపోతుంది. అందుకని పసిపిల్లను ఎత్తుకున్నట్టు దస్తీలో పెట్టి ఎత్తేవాడు. అమ్మ పని స్విచ్చు దగ్గర నిలబడి, వెయ్యమన్నప్పుడు వెయ్యడం. నా పని దూరంగా నిలబడి చూడడం.

పోయిన ఎండాకాలం బాపు ఆ స్టూలు మీంచి పడ్డాడు. పక్కనే ఉన్న దివాన్ మీద పడ్డాడు కాబట్టి మణికట్టు బెణకడంతో సరిపోయింది.

"స్టూలు మంచిగ లేదు. ఊగుతున్నది," అన్నాడు.

ఒకరన్న మాటను ఊరికే వదిలెయ్యడం నాకు చేతకాదు. మరునాడే స్టూలును గల్లీ చివరున్న వడ్రంగి దగ్గరికి మోసుకుపోయాను. ఆయన దాన్ని తిరగేసి చూశాడు, ఎక్కి నిలబడ్డాడు, దిగాడు. "దీనికేమైందమ్మా? ఏనుగెక్కినా ఏం గాదు," అన్నాడు. ఇంటికొచ్చి ఈ తీర్పును బాపుకు అక్షరం పొల్లుపోకుండా వినిపించాను. ఆయన పేపరు పేజీ తిప్పాడు.

అసలు సంగతి, నాకు భయం పట్టుకుంది. డెబ్బై రెండేళ్ల మనిషి. ఆ రోజు దివాన్ కాకుండా గోడ తగిలి ఉంటే? ఈ ఆలోచన చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. భయమేస్తే నాకు కోపమొస్తుంది. కోపమొస్తే నేను బజారుకు పోతాను.

ట్రూప్ బజార్‌లో దుకాణం ఆయన ఎల్‌ఈడీ బల్బులు తీసి చూపించాడు. అదే సైజు, అవే రెండు పిన్నులు. "ఆపా, లగాకే భూల్ జావ్," అన్నాడు. పెట్టేసి మర్చిపొమ్మని. నాకు కావాల్సింది సరిగ్గా అదే. బల్బు పోకపోతే బాపు స్టూలెక్కడు. నాలుగు తెచ్చాను.

ఆదివారం బాపు జహనుమాలో మేనత్త ఇంటికి పోయాడు. ఆయన అటు పోగానే నేను ఇటు స్టూలెక్కి, పాతవి పీకి కొత్తవి పెట్టాను. స్విచ్చు వేస్తే నాలుగూ తెల్లగా వెలిగాయి. నేను అమ్మ వైపు గర్వంగా చూశాను. అంతలోనే నాలుగూ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తీసి మళ్లీ పెట్టాను. అటువి ఇటు మార్చాను. వాటికేం పట్టలేదు.

సాయంత్రం బాపు వచ్చాడు. చెప్పులు విడిచి తలెత్తి చూశాడు.

"ఏంది బిడ్డా, ఎవరి పెండ్లి?" అన్నాడు. కాళ్లు కడుక్కొచ్చి, ఆ బల్బుల కిందే కూర్చుని టీ తాగాడు.

ఆయనకు కారణం తెలుసు. తెలుసని నాకూ తెలుసు. నోరు తెరిచి అడిగితే చెప్తాడు. నేను అడగలేదు. మూడు రోజులు అలాగే గడిచాయి. బాపు ఆ మిణుకుల్లోనే పేపరు మొత్తం చదివేవాడు, ప్రకటనలతో సహా. అమ్మ తలకు గుడ్డ కట్టుకుంది. "మీ తండ్రిబిడ్డల పంతం నా పానం మీదికొచ్చింది," అని బియ్యం చాట తీసుకుని వాకిట్లోకి పోయింది.

మూడో రోజు సాయంత్రం గోడ వైపు చూస్తూ అడిగాను. "బాపు, ఇవెందుకు గిట్ల కొట్టుకుంటున్నయి?"

ఆయన పేపరును నాలుగు మడతలు పెట్టాడు. తొందరేం పడలేదు.

"గా డబ్బా నడవాలంటే దాని మీద అరవై వాట్లన్న లోడ్ ఉండాలె. పాతయి ఒక్కోటి యాభై. నీయి ఒక్కోటి ఐదు. నాలుగు గలిపినా ఇరవై. లోడ్ చాలక డబ్బా ఆగుతది, మల్ల లేస్తది, మల్ల ఆగుతది." రిటైరయ్యాక ఆ వర్క్‌షాపు గొంతు నేను ఆ రోజు దాకా మళ్లీ వినలేదు. "రెండు తొవ్వలున్నయి. గా డబ్బా తీసేసి ఎల్‌ఈడీలది పెట్టాలె. లేకుంటే నాలుగిట్ల ఒకటి పాతదే ఉంచాలె."

తెలివైన వాళ్లెవరైనా డబ్బా మారుస్తారు. కానీ ఆయన చేతిలోంచి నాలుగూ లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు.

"ఒకటి ఉంచుదాం," అన్నాను.

బాపు లేచి వంటింట్లోంచి స్టూలు తెచ్చాడు. నేను కొట్లాటకు సిద్ధమయ్యాను. ఆయన స్టూలును దివాన్ పక్కన, బల్బుకు సరిగ్గా కింద పెట్టాడు. దస్తీ తీశాడు. అందులో పాత బల్బు పెట్టి నా చేతికిచ్చాడు.

"నువ్వెక్కు. నేను పట్టుకుంట."

ఇన్నేళ్లలో ఆ దస్తీ నా చేతికి రావడం అదే మొదటిసారి. ఎక్కి, ఒక ఎల్‌ఈడీని పీకి దివాన్ మీద పడేశాను.

"వట్టి చెయ్యి తగలనియ్యకు."

"తగలనియ్య, బాపు."

"పిన్నులు వంకర పోతయి. సీదా పెట్టు."

సీదాగానే పెట్టాను. అమ్మ స్విచ్చు వేసింది. నాలుగూ నిలకడగా వెలిగాయి, మూడు తెల్లగా, ఒకటి పసుపుగా.

స్టూలు మాత్రం నా కాళ్ల కింద సన్నగా ఊగుతూనే ఉంది. కిందికి చూశాను. బాపు రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. కుడి చెయ్యి మణికట్టు నుంచి వణుకుతోంది. ఎడమ చేతిని దాని మీద వేసి అదుముకున్నాడు. అయినా వణుకుతూనే ఉంది.

నేను చూడడం ఆయన చూశాడు.

"నీకు జెప్పలే," అన్నాడు, "స్టూలు మంచిగ లేదని?"

వడ్రంగి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అవును బాపు," అన్నాను. "ఊగుతున్నది."