చెప్పినట్టే కత్తిరించే సాధన

సాధన గురించి మొదలుపెడితే నేను ఆపను, ముందే చెబుతున్నాను. మా ఆయన జానయ్య అయితే "మల్ల షురూ చేసినవా?" అని టీవీ సౌండు పెంచుతాడు. పెంచుకోనీ. నాకు కటింగ్ నేర్పిన మనిషి గురించి నేను కాకపోతే ఇంకెవరు చెబుతారు?

దిల్‌సుఖ్‌నగర్‌లో లలితకుమారి మేడం బొటిక్‌లో నేను చాలా ఏళ్ళుగా జాకెట్లకు హుక్కులు కుడుతూ, చీరలకు ఫాల్స్ వేస్తూ ఉండేదాన్ని. కటింగ్ బల్ల అంతయ్య మాస్టరుది. దాని మీద చేయి ఆనించినా ఊరుకునేవాడు కాదు. కిందటి ఏడాది దసరా పనులయ్యేసరికి ఆయన కళ్ళు మసకబారాయి. మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు పని మానేసి, పెద్ద అంబర్‌పేట్‌లో కూతురి దగ్గరికి పోతానన్నాడు.

మేడం నన్ను పిలిచారు. "ఆయన వెళ్ళేలోపు నువ్వు కటింగు నేర్చుకుంటే బల్ల నీదే రాములమ్మా. లేదంటే బయటి నుంచి మాస్టర్ని తెచ్చుకోవాలి. అతను తన మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. అప్పుడు నీ హుక్కుల పని కూడా నేను నిలబెట్టలేను, ఏమనుకోకు" అన్నారు.

అంటే కటింగ్ రాకపోతే ఉన్నది కూడా ఊడుతుందన్నమాట. మాస్టర్ని అడగకూడదా అంటారేమో. అడిగాను. "చూసి నేర్చుకో" అన్నాడు. చూడబోతే వీపు అడ్డం పెట్టాడు. ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి జ్యోతిక నన్ను ఫోన్లో టైలరింగ్ క్లాసులో చేర్పించింది. రోజూ పొద్దున, నేను ఎల్బీనగర్ నుంచి దుకాణానికి బయల్దేరే ముందు, లైవ్ క్లాసు.

మొదట్లో ఒక సారు చెప్పేవాడు. గంటసేపు ఊపిరి తీసుకోకుండా చెప్పి, "అర్థమైందా?" అనేవాడు. అందరం "ఎస్ సర్" అని టైపు కొట్టేవాళ్ళం. కెమెరాలు బంద్, మైకులు బంద్. చిక్కుడుకాయలు గిల్లుతూ ఎస్ సర్, బట్టలు ఆరేస్తూ ఎస్ సర్. ఆయన ఎవరికి చెబుతున్నాడో ఆయనకే తెలియదు పాపం. కొన్నాళ్ళకు మానేశాడు. అప్పుడొచ్చింది సాధన.

వచ్చీ రాగానే, "స్కేలు చేతుల వట్టుకున్నోళ్లు మైకు ఆన్ చేసి జర టేబుల్‌కు కొట్టండి, సప్పుడు ఇంట" అంది. ఎక్కడా చప్పుడు లేదు. మేం తిట్లకు సిద్ధమయ్యాం. ఆమె పకపకా నవ్వింది.

"లాక్‌డౌన్ల నేను గూడ గిట్లనే క్లాసులు విన్న. మ్యూట్‌ల వెట్టి పప్పుకు పోపు వెట్టిన. కోర్సు అయిపోయినంక చూస్తే నాకు పోపు వెట్టుడే వచ్చింది."

ఎవరింట్లో వాళ్ళం నవ్వుకున్నాం. తర్వాత కెమెరాలు ఆన్ చేయమంటే మాత్రం ఎవరూ చేయలేదు. నైటీలో, నూనె పెట్టిన తలతో, వెనకాల ఉతకని బట్టల కుప్పతో ఎవరు కనబడతారమ్మా! ఆమెకు అదీ తెలిసిపోయింది. "మీ ముఖాలు నాకొద్దక్కా. ఫోన్ కిందికి తిప్పి మీ చేతులు చూపెట్టండి, సాలు" అంది. తన ఫోన్‌ను కిటికీ ఊచకు చున్నీతో ఎలా కట్టిందో చూపించింది. నేను రెండు పచ్చడి జాడీల మీద ఫోన్ నిలబెట్టాను. మర్నాటికి తెర నిండా చేతులే. గాజుల చేతులు, పసుపు చేతులు, మెహందీ చేతులు. చేతులు కనబడుతున్నాయంటే ఇక చిక్కుడుకాయలు గిల్లడం కుదరదు కదా.

అంతటితో ఆగిందా? "ఇగ నేను చెప్పుడు తక్కువ, మీరు చెప్పుడు ఎక్కువ. మీరు ఏం చెప్తే గదే కత్తిరిస్త. తప్పు చెప్తే తప్పే కత్తిరిస్త" అని పాత న్యూస్ పేపరు పరిచింది. ముందు బాలాపూర్ పోచమ్మ వంతు వచ్చింది. మెడ లోతు "ఇంకా జర, ఇంకా జర" అంటూ నడుము దాకా దింపించింది. సాధన నోరెత్తకుండా కత్తిరించి పైకెత్తి చూపింది. "గీ జాకెట్ నువ్వేసుకుంటవా పోచమ్మక్కా, నన్నేసుకోమంటవా?" మైకులన్నీ తెరుచుకుని నవ్వులే నవ్వులు. ఆ రోజు నుంచి క్లాసు మధ్యలో లేవడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

ఆమె సంగతులు మాటల మధ్యలో తెలిశాయి. వాళ్ళ నాన్న ఇస్సాకు నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్ చౌరస్తాలో పండ్లబండి పెట్టాడు. అమ్మ మిషన్ కుట్టేది. సాధన పెళ్ళికి ముందు చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేది. భర్త శాంసన్ క్యాబ్ నడుపుతాడు. సరూర్‌నగర్‌లో ఒకే గది, అదే క్లాసు, అదే వంటిల్లు. అయినా ఎవరైనా ఒకరోజు రాకపోతే ఆమె ఫోన్ చేసేది. నాకు జ్వరమొచ్చి మూలుగుతుంటే కూడా చేసింది. "అక్కా, నిన్న నీ చేతులు కనవడలే" అంది. అంతే. నన్ను అలా వెతికిన టీచరు చిన్నప్పుడు బడిలో కూడా లేదు.

డిసెంబర్‌లో ఒకరోజు పేపరు వద్దని నిజం గుడ్డ పరిచింది. క్రిస్మస్‌కు తన జాకెట్ కోసం కొనుక్కున్న నీలం గుడ్డ. గుడ్డ మడత పెట్టకుండా జాకెట్ చేతులు ఒక్కొక్కటి విడిగా కత్తిరించడం ఆనాటి పాఠం. "రాములమ్మక్కా, నువ్వు చెప్పు" అంది. కొలతకు కత్తిరించిన కాగితాన్ని గుడ్డ మీద పెట్టించి, నేను హుషారుగా మొదటి చెయ్యి చెప్పాను. "ఇగ గదే కాగితం మల్ల వెట్టి రెండోది కొయ్" అన్నాను.

ఆమె కత్తెర ఆగింది. "గంతేనా అక్కా?"

"గంతే!"

"ఎవరన్నా ఆపుతరా?" అని అందరినీ అడిగింది. ఎవరూ ఆపలేదు. కరకరా కత్తిరించేసింది.

జాకెట్ చేతికి చంక దగ్గర ముందువైపు లోతు ఎక్కువ, వెనకవైపు తక్కువ. రెండో చెయ్యికి కాగితాన్ని బోర్లా తిప్పాలి. నేను తిప్పమనలేదు. రెండూ కుడిచేతులే వచ్చాయి.

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. "నీకు తెల్సు గదా! తెల్సి ఎట్ల కోసినవ్? పండుగ బట్ట!" అని పక్కింటికి వినబడేలా అరిచాను.

"అరువకక్కా. బట్ట ఇంకోటి దొరుకుతది. రేపు ఎవరిదో పెండ్లి పట్టు నీ ముందుంటది, పక్కన నేనుండ. అప్పుడు గిది యాదికి రావాలె."

నేను ఠక్కున ఫోన్ కట్ చేశాను. ఆ రోజు దుకాణంలో హుక్కు కుట్టబోతే సూదిలో దారం ఎక్కలేదు, కళ్ళలో నీళ్ళు. నా కోసం తన పండుగ గుడ్డ పాడుచేసుకునే మనిషి ఎవరున్నారు నాకు? మర్నాడు పొద్దున్నే మళ్ళీ జాడీల మీద ఫోన్ నిలబెట్టాను.

సంక్రాంతి వెళ్ళాక మేడం పెళ్ళికూతురి మెరూన్ పట్టు ముక్క తెచ్చి బల్ల మీద పెట్టారు. చీరతో వచ్చిన ముక్క, పాడైతే ఇంకోటి దొరకదు. పెద్ద అంచు జాకెట్ చేతులకే రావాలి కాబట్టి మడత పెట్టే వీల్లేదు. అంతయ్య మాస్టరు స్టూలు మీద కూర్చుని కళ్ళు చికిలించాడు. మొదటి చెయ్యి కత్తిరించాను. కాగితాన్ని బోర్లా తిప్పాను. రెండోది కత్తిరించాను.

మాస్టరుకు సరిగ్గా కనబడలేదు. రెండు ముక్కల్నీ ఎదురెదురుగా ఆనించి అంచుల వెంట వేళ్ళతో తడిమాడు. "ఎవలు నేర్పిండ్రే నీకు?"

"సాధన అని, ఫోన్ల."

"ఫోన్లనా!" అని నవ్వి, స్టూలు పక్కకు జరుపుకున్నాడు. "ఇగ నేను పోవచ్చు మేడం."

"బల్ల నీదే రాములమ్మా" అన్నారు మేడం.

అక్కడే నిలబడి సాధనకు ఫోన్ చేశాను. "పెండ్లి పట్టు కోసిన బిడ్డా" అంటుంటేనే ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏందక్కా? ఖరాబైందా? రెండూ ఒక్క దిక్కువేనా?"

"కాదు బిడ్డా. ఒకటి కుడిది, ఒకటి ఎడమది. బల్ల నాదైంది. నీ పుణ్యమే తల్లీ" అని బోరుమన్నాను.

అవతల కాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత సాధన గొంతు సవరించుకుని, "ముందుగాల బల్లకు జర దూరం జరుగక్కా. పట్టు మీద నీళ్ళు పడితే మరక పోదు. జరిగినంక ఎంతసేపన్న ఏడువు, నేను లైన్లనే ఉంట" అంది.

జరిగి, గోడకు ఆనుకుని, తనివితీరా ఏడ్చాను. ఆమె లైన్లోనే ఉంది.