మిల్లు కూతకు ఓడిన జట్టు

ఆదోనిలో మా ప్రత్తి మిల్లుకు బాస్కెట్ బాల్ జట్టు ఉండేదంటే ఈనాడు నమ్మేవారు తక్కువ. ఆట తెలిసినవారిని వెదకి, మిల్లులో పని ఇచ్చి పోషించిన జట్టు అది. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. తన మిల్లు పేరు అక్కడ వినిపించాలని సావుకారు కోరిక. పోటీలో ఉన్న ఎనిమిది జట్లలో మొదటి నాలుగింటికే కర్నూలు వెళ్లే అర్హత. కళాశాల వాదపోటీలలో గెలిచి వచ్చిన నేను, ఆ రోజులలో ఎవరేమన్నా ఆధారం అడిగేవాణ్ణి. నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉన్నందువల్ల, బంతిని ఒక్కసారైనా తాకకుండానే జట్టుకు కార్యదర్శినయ్యాను.

మా జట్టును గొప్పదనలేను, చెడ్డదనడమూ అన్యాయమే. ఆ ఏడు గెలిచినన్నిసార్లు ఓడింది. మిల్లు ఆవరణలోని నల్లరేగడి నేల మీద మా సాధన. వాన పడితే బంతి బురదలో అతుక్కునేది. ఎండలకు నేల బీటలు వారితే బంతి తనకు తోచిన దిక్కుకు లేచేది. అందుచేత మావాళ్లు బంతిని నేలకు కొట్టడం మానుకొని, చేతి నుంచి చేతికి అందించుకోవడమే ఆట అని స్థిరపరచుకున్నారు. ఇల్లు కట్టే కూలీలు ఇటుకలు అందించుకుంటున్నట్టుందని చూసినవారు అనేవారు. ఆ విమర్శను ఖండించడానికి నాకు ఆధారం దొరకలేదు.

జట్టు నాయకుడు జిన్నింగు హాలులో పనివాడు. గింజ నుంచి దూదిని వేరుచేసే ఆ యంత్రాల మధ్య ఏడేళ్లు నుసి పీల్చి, ఎడతెగని దగ్గు తెచ్చుకున్నాడు. జట్టు కర్నూలు చేరితే అతణ్ణి హాలు నుంచి తప్పించి ఆరుబయట పనికి వేస్తానని సావుకారు మాట ఇచ్చాడు. మా అందరికీ కర్నూలు రాజధాని. అతనికి మాత్రం అది ఊపిరాడే చోటు.

సాధనకు ఒక నియమముండేది. సాయంత్రం పని ముగియడానికి అరగంట ముందు ఆటగాళ్లను వదిలేవారు. మిల్లు కూత వినబడగానే బంతి ఎవరి చేతిలో ఉంటే వారు దాన్ని చంకన పెట్టుకొని, తక్కినవారితో పోయి హాజరు వరుసలో నిలబడాలి. ఆలస్యమైతే ఆ పూట హాజరు లేనట్టే. ఇది ఆటకు భంగమని నేను సహేతుకంగా నిరూపించాను. సావుకారు నా వాదనను మెచ్చుకొని, నియమాన్ని అలాగే ఉంచాడు.

చివరి ఆట ఎమ్మిగనూరులో, అక్కడి నేతవారి జట్టుతో. గెలిచినవారిది నాలుగో స్థానం. మగ్గంలో నూలు కండె ఉండే నాడె విసిరి విసిరి పదునెక్కిన చేతులు వారివి. బంతి ఎటు పోయిందో మావాళ్లకు తెలిసేలోగా బుట్టలో పడేది. అయినా ఆట ముగియవస్తున్న వేళకు మేము ఒక్క పాయింటు ముందున్నాము. బంతి మా నాయకుని చేతిలో ఉంది. కాసేపు ఊరకే పట్టుకొని ఉంటే చాలు.

అప్పుడు పక్కనున్న నూనె మిల్లు కూత వేసింది.

మా నాయకుడు బంతిని చంకన పెట్టుకొని, నెమ్మదిగా గీత దాటి వెళ్లాడు. తక్కిన నలుగురూ అతని వెనుక వరుస కట్టారు. రెఫరీ ఈల వేసి బంతిని నేతవారికి ఇప్పించాడు. మావాళ్లు వరుస విడివడేలోగా వారు బుట్టలో వేసేశారు. ఆట ముగిసింది. ఒక్క పాయింటుతో ఓడాము.

నేను పుస్తకం తెరచి, బయటి శబ్దం ఆటగాళ్లను తప్పుదారి పట్టించిందని వాదించాను. రెఫరీ ఓపికగా అంతా విన్నాడు.

"నా ఈల కాకుండా ఎవరి ఈలకు ఆడుతాండారప్పా మీవాళ్లు?" అని అడిగాడు.

నేను పుస్తకం మూసి చంకన పెట్టుకున్నాను. తిరుగు బస్సులో నాయకుని దగ్గు ఆదోని దాకా వినిపించింది.

మరునాడు అతణ్ణి వెంటబెట్టుకొని, హాలు పని తప్పించమనే మూడు పుటల విన్నపంతో సావుకారు ముందు నిలబడ్డాను. మొదటి పుట పూర్తికాకముందే ఆయన చేయెత్తి నన్ను ఆపి, అతని వైపు తిరిగాడు.

"గెలిచే ఆటలో బంతి ఎత్తుకొని యాడికి పోయినావురా?"

"కూత పడింది సావుకారూ. అది ఇంటే కాళ్లే వరసలోకి పోతాయి. యా మిల్లుదో సూసుకోలే."

సావుకారు కళ్లు తుడుచుకొనేదాకా నవ్వాడు. "నా కూతకు ఇంత మర్యాద ఇచ్చినోడు ఇంగొకడు లేడు. గేటు కాడ కూత తాడు లాగే ముసలాయన పని సాలించుకుంటాండాడు. రేపట్నుంచి కూత నువ్వే వెయ్యి."

గేటు దగ్గర దూది నుసి లేదు. నా విన్నపంలోని మిగిలిన రెండు పుటలు నేటికీ ఎవరూ వినలేదు.

మరుసటి ఏడు జట్టు అతను లేకుండానే, మునుపటంత సామాన్యంగానే ఆడింది. అయితే సాధన రసపట్టులో ఉన్న సాయంత్రాల్లో కూత రెండు నిమిషాలు ఆలస్యమవుతున్నదని హాజరు గుమాస్తాకు అనుమానం వచ్చింది. నియమాలంటే ప్రాణమిచ్చేవాణ్ణని నన్నే అడిగాడు. నేను చేతి గడియారం చూసుకొని, గుమాస్తా గడియారమే కొంత ముందుకు నడుస్తున్నట్టుందని జవాబిచ్చాను.