తితాయ్ ఇంట చేరిన దొంగకుక్క

తితాయ్‌కి కుక్కలంటే ఒళ్ళుమంట. ఆమె అసలు పేరు రెస్తితూతా. బాప్తిస్మం రోజున పాదిరీ పలికిన తర్వాత ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు లేరు. సెబూ పట్నానికి పోయే ఓడలు ఆగే ఆ చిన్న రేవులో ఎండుచేపలు కావాలంటే తితాయ్ ఇల్లే చెబుతారు. తెల్లవారకముందే పడవల దగ్గరికి పోయి కవళ్ళ చేపలు కొనుక్కొచ్చేది. వాటిని వీపు దగ్గర చీల్చి, ఉప్పునీళ్ళలో ఊరవేసి, వాకిట్లో వరసగా కట్టిన వెదురు తడికల మీద పరిచేది. ఇక ఆ ఎండ దిగేదాకా ఆమెకు కుక్కలతో యుద్ధమే. కాస్త అటు తిరిగితే చాలు, ఏదో ఒకటి తడిక మీదికి ముట్టె చాచేది.

ఆమె భర్త దమియాన్ పెళ్ళైన కొన్నేళ్ళకే పెద్ద చేపల ఓడల్లో పనికని దక్షిణాదికి పోయి, అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. ఆ కబురు అతని నోటితో కాదు, అక్కడి నుంచి వచ్చిన వాళ్ళ నోటితో తెలిసింది. దమియాన్ వదిలిపోయింది తితాయ్‌ని ఒక్కదాన్నే కాదు, తన తల్లిని కూడా. ఆ ముసలమ్మ అపోలోనియా ఒకనాడు నూతి దగ్గర జారిపడి మంచం పట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. తితాయే అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేది, తుడిచేది, జావ తాగించేది. ముసలమ్మకు ఒంట్లో సత్తువ పోయిందిగానీ నోట్లో పోలేదు. "నా కొడుకు నీ మొహం చూడలేకే పారిపోయాడు" అని తితాయ్ చేతిలో ఉన్న జావ గిన్నెను తోసేసేది. తితాయ్ నేల తుడిచి మళ్ళీ జావ కాచేది. అత్తను సమాధి చేసి వచ్చిన రోజున పక్కింటి లుమిన్‌తో ఒకటే మాట అంది: "ఇక ఈ చేతులు చేపలు తప్ప ఇంకేదీ కడగవు."

ఆ మాట మీద చాలా కాలమే నిలబడింది.

ఒక ఏడాది వానాకాలం చివర్లో పెద్ద తుఫాను వచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళకు పైకప్పు రేకులు లేచిపోయాయి. గాలి తగ్గాక తితాయ్ తలదాచుకున్న బడిలోంచి ఇంటికొచ్చి చూస్తే వాకిట్లో తడికలన్నీ కుప్పగా పడి ఉన్నాయి. విరిగినవి ఒక పక్కకి, పనికొచ్చేవి ఒక పక్కకి వేస్తుంటే అడుగు నుంచి సన్నగా మూలుగు వినిపించింది. చివరి తడిక ఎత్తేసరికి అక్కడ గోధుమరంగు కుక్క ఒకటి, పిల్లికంటే కాస్త పెద్దది, ఒళ్ళంతా ఇసుక. ముందు కాళ్ళతో పాకాలని చూస్తోంది. వెనక కాళ్ళు రెండూ పక్కకి వాలిపోయాయి.

"నీ దుంప తెగ! తుఫానులో కూడా చేపల కోసమే వచ్చావటే?" అంది తితాయ్.

లుమిన్ కంచె మీంచి తొంగి చూసి నోరు నొక్కుకుంది. "అయ్యో అక్కా, రెండూ విరిగాయి. ఇక అది బతకదు. సముద్రంలో వదిలేస్తే దాని బాధ తీరిపోతుంది."

"అయితే నువ్వే వదిలిపెట్టి రా."

"నేనా? నా వల్ల కాదమ్మా."

"మరి నోరుమూసుకుని మీ ఆయన్ని బండి తియ్యమను."

లుమిన్ మొగుడికి మనుషుల్ని తిప్పే ట్రైసికిల్ బండి ఉంది. దారిలో పడిన కొబ్బరిచెట్లను తప్పించుకుంటూ సంతఊరికి చేరేసరికి పొద్దెక్కింది. కుక్కను కూరగాయల గంపలో, గోనెపట్టా మీద పెట్టి తితాయ్ ఒళ్ళో పట్టుకుంది. ఎత్తేటప్పుడు అది ఆమె బొటనవేలు కరిచింది. గట్టిగానే కరిచింది. ఆమె దాన్ని దారి పొడవునా తిడుతూనే ఉంది, గంప కదలకుండా పట్టుకునే ఉంది.

పశువుల డాక్టరు మరివిక్ పడుచుపిల్ల. ఆమె ఇంటి పైకప్పు కూడా పోయినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా కుక్కను ఓపికగా తడిమి చూసింది. ఒక కాలు మోకాలి కింద విరిగింది, దానికి పట్టీ వేయవచ్చంది. రెండోది తొడ దగ్గర విరిగింది. అక్కడ పట్టీ నిలవదు, ఆపరేషను చేసి కడ్డీ వేయాలంటే సెబూకి తీసుకుపోవాలి. ఓడలు ఎప్పుడు కదులుతాయో తెలియదు.

"కదలకుండా ఉంచితే ఎముక దానంతటదే అతుక్కోవచ్చు. వంకరగా అతుక్కుంటుంది, కాలు పొట్టిదవుతుంది. కానీ చాకిరీ చాలా ఉంటుందమ్మా. పక్కలు మార్చాలి, తుడవాలి, పుండ్లు పడకుండా చూసుకోవాలి. మీకు కుదరదంటే, నొప్పి తెలియకుండా సూది మందు వేసి..."

"చంపించడానికి అయితే ఇంత దూరం ఎందుకు మోసుకొస్తాను?" అంది తితాయ్. "పుండ్లు పడకుండా నేను చూసుకుంటాను. మీరు పట్టీ వేయండి."

మాట నోరు జారింది.

చేపలు పంపించే చెక్కపెట్టె ఒకటి కడిగి, అడుగున పాత చీటిగుడ్డలు పరిచి కుక్కను అందులో పెట్టింది. వేళకి పక్క మార్చేది. జామాకులు కాచిన నీళ్ళతో తుడిచి, ఎముకలు పొడుచుకొచ్చిన చోట కొబ్బరినూనె రాసేది. దొడ్డికి పోవాలంటే తువ్వాలు పొట్ట కింద నుంచి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని వెనకభాగం పైకెత్తి వాకిట్లో నిలబెట్టేది. కుక్క పట్టీని కొరకడం మొదలుపెడితే ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసేసి మెడకు తొడిగింది. మొదట్లో ముట్టుకుంటే చాలు కరవబోయేది. "మా అత్త కూడా ఇంతే, ఆమెకి పళ్ళు లేవు కాబట్టి బతికిపోయాను" అనేది తితాయ్. పేరంటూ ఏమీ పెట్టలేదు. దొంగా అని పిలిచేది. అది చెవులు నిక్కించేది.

రేవులో ఆడవాళ్ళకి మంచి కాలక్షేపం దొరికింది.

"ఏం తితాయ్, మీ అత్త మళ్ళీ పుట్టి వచ్చిందటగా?"

"వచ్చింది. ఈసారి మాటలు రావు, అదే హాయిగా ఉంది."

"రాత్రి దానికి చేప ముళ్ళు తీసి పెడుతుందట. నా మొగుడికి నేనే పెట్టను!"

"నీ మొగుడికి కాళ్ళు విరగ్గొట్టి చూడు, పెడతావు."

ఒక మధ్యాహ్నం తితాయ్ చేపలు తిరగేస్తూ ఎండకు తాళలేక నీడన కునుకు తీసింది. ఎవరివో రెండు పెద్ద కుక్కలు వాకిట్లోకి వచ్చాయి. పెట్టెలోని కుక్క లేవలేకపోయినా గొంతు చించుకుని అరిచింది. ఆ బకెట్టు లోపల అరుపు ఎంత మోగిందంటే లుమిన్ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. తితాయ్ లేచి కుక్కల్ని తరిమింది. పెట్టె దగ్గరకొచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఓహో, నీకూ వాటా ఉందన్నమాట" అంది. ఆ పూట దానికి అన్నంలో రెండు చేపలు ఎక్కువ పడ్డాయి.

పట్టీ విప్పాక డాక్టరు మరివిక్ నీళ్ళలో నడిపించమని చెప్పింది. నీళ్ళు ఒళ్ళు మోస్తాయి, కాళ్ళకి బరువు తెలియదు అంది. తితాయ్ సాయంత్రాలు గౌను మోకాళ్ళ పైకి దోపుకుని ఒడ్డునే నీళ్ళలోకి దిగేది. తువ్వాలు పట్టుకుని వంగి నడిచేది. కుక్క ముందు కాళ్ళతో ఈదేది, వెనక కాళ్ళు గుడ్డపీలికల్లా వేలాడేవి. ఒకరోజు వాటిలో ఒకటి నీళ్ళను తన్నింది. తితాయ్ చూసింది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు రెండోది కూడా కదులుతుందేమోనని వంగి వంగి చూసి నడుం పట్టేసింది.

సంత రోజున ఎదుటి దీవి నుంచి పొలికార్పో అనే ముసలాయన వచ్చాడు. సొర్రబొంద చేపలు అమ్మడానికి అప్పుడప్పుడు వస్తుండేవాడు, తుఫాను తర్వాత అదే రావడం. లుమిన్ నడిపే చిన్న కొట్టు దగ్గర కాఫీ తాగుతూ పక్కింటి కుక్క కథ విన్నాడు. కప్పు అక్కడే పెట్టేసి లేచాడు.

తితాయ్ వాకిట్లో చేపలు చీలుస్తోంది. కంచె తలుపు దగ్గర ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, "బిటూన్" అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. పెట్టెలోని కుక్క ఒక్క కేక పెట్టింది. అలాంటి గొంతు దానికి ఉందని తితాయ్‌కి అప్పటిదాకా తెలియదు. పెట్టె బోర్లాపడింది. కుక్క ముందు కాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకుంటూ చేపల పొట్టు మీంచి పాక్కుంటూ అతని దగ్గరికి పోయింది. ముసలాయన నేల మీద కూలబడిపోయాడు.

కుక్కను ఒళ్ళోకి తీసుకుని చెప్పాడు. అది ఎప్పుడూ పడవ ముందు భాగాన కూర్చునేదట. గాలి రేగుతోందని పడవను మడఅడవిలో కట్టబోతుంటే తాడు తెగి పడవ కొట్టుకుపోయింది, కుక్కతో సహా. "ఇద్దరూ పోయారనుకున్నాను చెల్లెమ్మా, పడవా, ఇదీ."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు మరి?" అంది తితాయ్. గొంతు కటువుగా వచ్చింది.

"ఇల్లు లేచిపోయింది. పడవ లేదు. ఇవాళ కూడా వేరేవాళ్ళ పడవ ఎక్కే వచ్చాను."

ఆమె కత్తి కడిగి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. "మీదే అయితే తీసుకుపోండి. ఎవరి వస్తువు వాళ్ళది." తువ్వాలు, కొబ్బరినూనె సీసా, జామాకులు ఒక సంచిలో వేసి ఇచ్చింది. ఏ వేళకి ఏం చేయాలో గబగబా చెప్పింది. ముసలాయన ప్రతి మాటకీ తలూపాడు. ఒక్కటీ బుర్రకెక్కడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. కుక్క అతని భుజం మీద గడ్డం ఆనించుకుని పోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం అలవాటుగా ఎసట్లో బియ్యం ఎక్కువ పోసింది. మిగిలింది లుమిన్ పందికి వేసింది. పెట్టె బాగు చేసి చేపలకే వాడుకుంది.

"ఏడుపొస్తే ఏడవచ్చు కదక్కా" అంది లుమిన్.

"ఉప్పు కళ్ళలో పడిందే. నీ పని చూసుకో."

తర్వాతి సంతకే పొలికార్పో మళ్ళీ వచ్చాడు, కుక్కను చొక్కాలో చుట్టి తెచ్చాడు. తుంటి మీద పుండు పడింది. తొడ విరిగిన కాలు వాచి ఉంది. పడవ చూడగానే గంతు వేసిందట, ఆపలేకపోయాడట. తితాయ్ మండిపడింది. "చెప్పిన మాటల్లో ఒక్కటైనా చేశారా? దీన్ని పక్క మార్చారా? తుడిచారా? చూడండి ఎలా కుళ్ళుతోందో! మనిషేనా మీరు?"

ముసలాయన తల వంచుకుని, "నాకు చేతకాదు చెల్లెమ్మా" అన్నాడు. "మా ఆవిడ ఆఖర్లో మంచం మీదే ఉండేది. కదిలిస్తే అరిచేది. ఆ అరుపు వినలేక కదిలించడం మానేశాను. అలా ఉంచితే నొప్పి ఉండదనుకున్నాను. పుండ్లు పడ్డాయని ఆమె పోయాక కడిగేటప్పుడు చూశాను."

తితాయ్ పొయ్యి దగ్గరికి పోయి జామాకులు నీళ్ళలో వేసింది. నీళ్ళు మరిగేదాకా అక్కడే వీపు తిప్పి నిలబడింది. గిన్నె దించుకొచ్చి అతని ముందు పెట్టింది.

"ఎవరూ చూపించకపోతే ఎవరికి తెలుస్తుంది?" అంది. "రండి. చెయ్యి ఇక్కడ పెట్టండి. తొడ కింద కాదు, తుంటి కింద. అరుస్తుంది, అరవనివ్వండి. ఆపకండి. మెల్లగా ఇటు తిప్పండి. చూశారా, మానేసింది."

అతను తిప్పాడు. గుడ్డ తడిపి తుడిచాడు. ఆమె ఒక్కసారి కూడా మధ్యలో లాక్కోలేదు.

డాక్టరు మరివిక్ చూసి, ఎముక మళ్ళీ విరగలేదు, బెణికింది అంతే అంది. కుక్క ఇంకొన్నాళ్ళు తితాయ్ దగ్గరే ఉండేట్టు ఒప్పుకున్నారు. పొలికార్పో సంతకు వచ్చినప్పుడల్లా సరుకు అమ్ముకుని నేరుగా ఆ వాకిట్లోకి వచ్చేవాడు. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి తువ్వాలు ఒక కొస అతను, ఒక కొస ఆమె పట్టుకునేవాళ్ళు. "ఎత్తండి, ఎత్తండి, మరీ అంత కాదు, దాన్నేమైనా ఉరి తీస్తున్నారా?" అని ఆమె అరుపులు రేవు దాకా వినిపించేవి. అతను వాళ్ళావిడ గురించి కొంచెం కొంచెం చెప్పేవాడు. ఆమె పేరు ఫ్లోర్దెలిసా అని, ఉప్పుచేప అంటే పడదని, బాగా పాడేదని. తితాయ్ అత్త గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ ఒకచోట నవ్వొచ్చి ఆగిపోయింది.

క్రిస్మస్ ముందు, తెల్లవారుజాము పూజలు మొదలయ్యే రోజుల్లో కుక్క తువ్వాలు లేకుండా వాకిలి దాటింది. ఒక కాలు పొట్టి, వంకర. కుంటుతుంది, తొందరగా పోవాలంటే ఆ కాలు ఎత్తేసి మూడింటితో గెంతుతుంది. పొలికార్పోకి అప్పటికి ఎవరిదో పాత పడవ దొరికింది. దాని ముందు భాగాన కొబ్బరిపీచు పరిచి చుట్టూ అడ్డకర్ర కట్టుకొచ్చాడు.

తితాయ్ ఆ కర్రను ఊపి చూసింది. "ఇది ఊడుతుంది. ఇంకో కట్టు వెయ్యండి."

వేశాడు. కుక్కను ఆమే ఎత్తి అందులో కూర్చోబెట్టింది. "పో బిటూన్" అంది. ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

కొత్త ఏడాదిలో లుమిన్ మామగారు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. కొడుకూ కోడలూ ఏం చేయాలో తెలియక గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే తితాయ్ లోపలికి పోయి దుప్పటి లాగేసింది. "ఏడుస్తూ నిలబడితే పుండ్లు పడతాయి. నువ్వు అటు రా, నువ్వు ఇటు" అంటూ ఇద్దరికీ చెరో వైపు చూపించింది. తను మాత్రం చెయ్యి వేయలేదు, పక్కన నిలబడి చెప్పింది. ఆ తర్వాత చాలా ఇళ్ళ నుంచి పిలుపు వచ్చేది. చేపలు ఎండకు వేసి, లుమిన్‌ని కాపలా ఉంచి పోయేది.

మే నెలలో ఎదుటి దీవిలో పండగైతే పొలికార్పో పడవ తెచ్చాడు. తితాయ్ మంచి గౌను వేసుకుని ఎక్కింది. ముందు ఫ్లోర్దెలిసా సమాధి దగ్గరికి పోయి కొవ్వొత్తి వెలిగించారు. తర్వాత అతని కొత్త రేకుల ఇంట్లో అన్నం, కాల్చిన సొర్రబొంద తిన్నారు. బిటూన్ బల్ల కింద పడుకుని ఇద్దరి పాదాల మీదా ఒళ్ళు ఆనించుకుని నిద్రపోయింది. దాన్ని లేపడం ఇష్టం లేక వాళ్ళు సముద్రంలో పోటు తగ్గేదాకా కదలలేదు. అప్పుడు లేచి పడవ దగ్గరికి నడిచారు.