పిలక జొన్న మేసిన ఎద్దులు

నా చిన్నప్పుడు, తొమ్మిదో తరగతి చదివే ఏడు, నేనూ మా చిన్నాన్న కొడుకూ ఇల్లొదిలి పారిపోయాం. నేను చెప్పే కథల్లో సగానికి పైగా కల్పనేనని నారాయణఖేడ్‌లో అందరికీ తెలుసు. దీనికి మాత్రం ఒక్క మాట కూడా కలపలేదు.

ఆ ఏడు వానలు సరిగా లేవు. కోసిన జొన్నచేనులో ఒక చిన్న జల్లుకు మోళ్ల నుంచి పిలకలు లేచాయి. ఆ లేత పిలకలు పశువులకు విషమని మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. మేం గోలీలాటలో పడి, కాయాల్సిన మా ఎద్దుల్ని మరిచాం. చూసేసరికి రెండూ ఆ చేనులోనే ఉన్నాయి. ఇంటికి తోలుకొచ్చాం గానీ ఎవరికీ చెప్పలేదు. కాసేపటికి ఒకటి కూలబడి, కాళ్లు తన్నుకుని చచ్చిపోయింది. రెండోది వణకసాగింది. మా నాన్న పశువుల డాక్టరు కోసం పరుగెత్తాడు. మేం పట్నం బస్సు కోసం పరుగెత్తాం.

బస్టాండులో, కూలికి పోయే సిర్గాపూర్ వాళ్ల మూటల వెనక దాక్కున్నాం. పట్నంలో ఎవరో ఒక మేస్త్రి పనికి పెట్టుకోకపోతాడా అనుకున్నాం. ఇంతలో మా తాతయ్య వచ్చి పక్కనే కూర్చున్నాడు. తిట్టలేదు, ఎందుకొచ్చారనీ అడగలేదు. తానూ పట్నం పోతున్నానన్నాడు. ఎందుకని అడిగాను.

"ఇంట్ల ఉండబుద్ధైతలేదురా. డాక్టరొచ్చిండు. ఏం మేసిందో తెలిస్తెనే సూది ఏస్తనంటుండు. నీ అయ్య నా మొఖం దిక్కు సూస్తుండు. నాకేం తెల్సు? గది సచ్చేది సూడలేక నేను గూడ ఉరికొచ్చిన."

బస్సు వచ్చింది. కూలివాళ్లు మూటలెత్తారు. తాతయ్య నిజంగానే మెట్టు మీద కాలు పెట్టి, ఎక్కండన్నట్టు చెయ్యి చాచాడు. ఎద్దును బతికించే మాట మా ఇద్దరి నోట్లోనే ఉందనీ, అది మాతోపాటే బస్సెక్కిపోతోందనీ అప్పుడు తెలిసింది.

"పిలకలు మేసినయ్ తాత," అన్నాను.

ఆయన మెట్టు దిగాడు. "నాకు జెప్తె ఏం లాభం? జల్దీ ఉరుకు. నీ అయ్యకు జెప్పు."

అందరి ముందూ చెప్పాను. డాక్టరు వెంటనే సూది వేశాడు. మరునాటికి ఆ ఎద్దు లేచి నీళ్లు తాగింది. చచ్చినదానికి గొయ్యి మా ఇద్దరితోనే తవ్వించారు. నాన్న కొట్టలేదు, మూడు రోజులు మాట్లాడలేదు. కొట్టినా బాగుండేదనిపించింది. తర్వాతి వానాకాలం మిగిలిన ఎద్దుకు పక్కింటివాళ్ల ఎద్దును జోడు కట్టి దున్నాం.

ఇప్పటికీ ఏదైనా చెడగొట్టానంటే కాళ్లు ముందు గడప దాటాలనే చూస్తాయి. నేను వెళ్లిపోతే నాతోపాటు పోయే మాట ఏది, అది ఎవరికి అవసరం అని అప్పుడు ఆలోచిస్తాను. ఆ మాట వాళ్లకు చెప్పేశాకే వెళదామనుకుంటాను. చెప్పేశాక వెళ్లాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.