పెత్రమాస నాడు పేలిన తాత తుపాకీ

చనిపోయిన ఏడాదికి, నిండు మధ్యాహ్నం, తలుపు మూసి ఉన్న ఖాళీ గదిలో మా తాత తుపాకీ పేల్చాడు. గది బయట మా ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నాం. నాన్న తమ్ముడు, మా కాక మాత్రం నిలబడలేదు, కూలబడ్డాడు. ఈ ఘోరానికి మూలకారణం నేనే. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే కడుపుబ్బరం. నవ్వండి, కాకపోతే చివరిదాకా ఆగి నవ్వండి.

ముందు మా ఇంటి పిచ్చి గురించి చెప్పాలి. బాన్సువాడలో మాది వరి పండించే ఇల్లు. పొలం పని లేనప్పుడు అందరిలా సీరియళ్లు చూడకుండా పాత ఛర్రాల తుపాకులు పోగేసేవాళ్లం. వాటిలో మందుగుండు ఉండదు. గొట్టాన్ని విరిచినట్టుగా కిందికి వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది విడివడి గాలిని తోస్తుంది, ఆ గాలికి ఛర్రా, అంటే చిన్న సీసపు గుండు, ఎగిరిపోతుంది. తాత జుక్కల్, బిచ్కుంద దిక్కు ఊళ్లు తిరిగి, ఎవరి అటక మీదో తుప్పు పట్టి పడున్న వాటిని బతిమాలి తెచ్చేవాడు. ఆదివారం గొంగడి పరిచి విప్పేవాళ్లం. నాన్న తోలు వాషర్లు కోసేవాడు, అవ్వ, అంటే మా నాన్నమ్మ, స్ప్రింగులు తుడిచేది, నేను తుప్పు గీకేదాన్ని. ఒక్క పిట్టను కూడా కొట్టి ఎరుగం. మా శత్రువులు సోడా మూతలే.

తాత పెట్టిన నియమం ఒక్కటే. బిగించిన తుపాకీని అలాగే పక్కన పెట్టకూడదు. పెడితే స్ప్రింగు సత్తువ పోతుంది. "స్ప్రింగుకు గూడ నిద్ర గావాలె బిడ్డా" అనేవాడు. ఈ నియమం తప్పినందుకు నాన్నంతటి నాన్నను నెల రోజులు గొంగడి మీదికి రానివ్వలేదు.

తొమ్మిది తుపాకుల్లో తాతకు ప్రాణమైనది ముసలిది. అదే దాని పేరు. ఏ దేశంలో పుట్టిందో తెలియని విదేశీ తుపాకీ. చివరి రెండేళ్లు తాతకు చేతులు వణికేవి, గొట్టం వంచే శక్తి లేదు. అవ్వే వంచి, బిగించి చేతికిచ్చేది. గురి చూసి నొక్కడం ఒక్కటే ఆయన పని. ఆ ఒక్క పనిలో మాత్రం ఆయన చెయ్యి వణికేది కాదు.

తాత పోయాక అవ్వ ఆ తుపాకీని ఆయన గదిలో, మంచం పైన గోడకున్న రెండు కొయ్యల మీద పెట్టించి తాళం వేసింది. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు ఎవరికో ఒకరికి ఇస్తానంది. అడిగింది ఇద్దరం, బోధన్‌లో ఉండే మా కాక, నేను. కాకకు అది కొత్తింటి హాల్లో గాజుపెట్టెలో పెట్టుకోవడానికి కావాలి. నాకేమో పేల్చడానికి కావాలి. దాన్ని గాజుపెట్టెలో ఊహించుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. అవ్వ మాత్రం ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. "ఆయన మాట ఎవలు నిలవెడ్తరో గాళ్లకే ఇస్త."

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ చేతిలో ఉంది, ఫోన్లో తుపాకుల వీడియోలు నాలుగొందలు చూసి ఉన్నాను. ఇక నాకు తెలియనిది ఏముంటుంది? పండుగకు మూడు రోజుల ముందు అవ్వ స్నానానికి పోతూ తాళంచెవి అలమారలో పెట్టింది. ముసలిదానికి నూనె పెట్టి మెరిపిస్తే అవ్వ మురిసిపోతుందని గదిలో దూరాను. వీడియోలో రెండు చుక్కలు చాలన్నారు. తాత మీద ప్రేమ రెండు చుక్కలకు సరిపోతుందా? కుట్టుమిషను నూనె సగం సీసా పోశాను. లోపలంతా పట్టాలని గొట్టం వంచి బిగించాను కూడా. అంతలో స్నానాల గది తలుపు చప్పుడైంది. తుపాకీని కొయ్యల మీద పెట్టి, తాళం వేసి, చెవి మళ్లీ అలమారలో పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. రెండో ముద్ద నోట్లో ఉండగా గుర్తొచ్చింది, ముసలిది బిగించే ఉందని.

చెయ్యి కడుక్కుని లేచాను. తాళంచెవి అప్పటికే అవ్వ బొడ్లోకి చేరింది. నిజం చెబితే తుపాకీ మా కాక గాజుపెట్టెలోకి పోతుంది. చెప్పకపోతే తాత నిద్ర పొమ్మన్న స్ప్రింగు నిద్ర లేకుండా నలుగుతుంది. నేను చెప్పలేదు.

మరునాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగి ఇల్లంతా నిశ్శబ్దమైంది. అప్పుడు ఆ గదిలోంచి వినిపించింది, కిర్రుమని, ఎవరో మంచం మీద ఒత్తిగిలినట్టు. కాసేపాగి మళ్లీ. తలుపు దగ్గరికి వెళ్తే నూనె వాసన, తాత చేతుల దగ్గర ఎప్పుడూ వచ్చే వాసన. పోసింది నేనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, కానీ కాళ్లు వినలేదు. ఆ పూట పెరట్లోకి వెళ్లాలన్నా ఇల్లు చుట్టి వెళ్లాను. నాన్నను అడిగితే తనకేమీ వినబడలేదన్నాడు. ఆ మరునాడు కాక బోధన్ నుంచి దిగాడు. భోజనం చేసి అరుగు మీద కునుకు తీసినవాడు కాస్తా లేచి కూర్చున్నాడు.

"అన్నా, నాయిన గదిల ఎవలన్న ఉన్నరా?" అని మెల్లగా అడిగాడు.

నాన్న లేరన్నాడు. కాక ఆ తర్వాత కునుకు తీయలేదు.

పెత్రమాస వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ వండి, పళ్లెంలో పెట్టి, తలుపు మూస్తాం. వాళ్లు వచ్చి తినేదాకా బయట మాట్లాడకుండా నిలబడాలి. అవ్వ గారెలు, మటన్ కూర, చిన్న గ్లాసులో కల్లు పట్టుకుని ఒక్కతే గదిలోకి పోయింది. కాస్త ఆలస్యంగానే బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. వీధిలో కుక్క కూడా మొరగడం లేదు. లోపల కిర్రుమంది.

ఢామ్మని పేలింది.

మామూలుగా ముసలిది టప్పుమని దగ్గుతుంది, అంతే. గొట్టంలో నూనె ఎక్కువైతే ఆ ఒత్తిడికి అది మండి బాంబులా పేలుతుందని నాకు తర్వాత తెలిసింది. తలుపు సందులోంచి సన్నగా పొగ వచ్చింది. అవ్వ నెమ్మదిగా తలుపు తీసింది. తుపాకీ కొయ్యల మీది నుంచి ఎగిరిపడి, గొట్టం మటన్ కూరలో ఆనించి, తిన్నాక తాత చెయ్యి ఆనించినట్టే మంచం మీది పళ్లెంపై వాలి ఉంది. కల్లు గ్లాసు ఖాళీగా పడి ఉంది.

కింద కూర్చున్న కాక అక్కడి నుంచే తన నిర్ణయం చెప్పాడు. "అమ్మా, గా తుపాకి నాకొద్దు. బిడ్డకే ఇయ్యి."

నేను గెలిచాను. గెలిచినా ఆ పూట ఒక్క గారె కూడా తినలేకపోయాను. సాయంత్రం అవ్వ దగ్గర కూర్చుని ఏడుస్తూ అంతా కక్కేశాను. నూనె సంగతి, బిగించి మరిచిపోయిన సంగతి, తుపాకీకి నేను తగనన్న సంగతి.

అవ్వ తమలపాకు మడుస్తూ విన్నది. "నువ్వు బిగిచ్చి పోయింది ఆ పొద్దే సూసిన. గొట్టం వట్టుకోని స్ప్రింగు మెల్లగ దింపేసిన గూడ."

నాకు ఏడుపు ఆగిపోయింది. అంటే మూడు రోజులు నేను హాయిగా నిద్రపోతున్న తుపాకీకి భయపడ్డానన్నమాట. "మరి ఆ కిర్రుమన్న సప్పుడేంది అవ్వా?"

"నాకేమెర్క."

"మరి ఇయ్యాల ఎట్ల పేలింది?"

"పళ్లెం వెట్టినంక నేనే మల్ల బిగిచ్చిన" అంది అవ్వ. "ఆయనకు చేతుల సత్తువ లేదు గదా. వస్తడు, తింటడు, తుపాకి దిక్కు సూస్తడు. వంచి ఇచ్చేటోళ్లు ఉండొద్దా?"

ట్రిగ్గర్ ఎవరు నొక్కారని అడిగాను. నా నూనెకు స్ప్రింగును ఆపే కొక్కెం జారిందో, ఆయనే నొక్కాడో తనకు తెలియదంది. కళ్లు తుడుచుకుని, తుపాకీ మీదున్న మటన్ మసాలా మాత్రం నేనే కడగాలని చెప్పింది. అవ్వ అలా ఏడవడం ఏడాదిలో నేను చూసింది అదే మొదటిసారి.

కాబట్టి తొమ్మిది తుపాకుల మీద ఒట్టేసి చెబుతున్నాను. రెండు చుక్కలకు మించి నూనె పోయను. బిగించిన తుపాకీని జన్మలో పక్కన పెట్టను, ఏడాదికి ఒక్క రోజు తప్ప. ఇప్పుడు అవ్వ చేతులూ వణుకుతున్నాయి, పెత్రమాస నాడు ముసలిదాన్ని బిగించి పెట్టేది నేనే. ఆ తర్వాత ఎప్పుడూ అది పేలలేదు. తలుపు తీసి ముందుగా లోపలికి పోయేది అవ్వ. ఆమె వెనక నేను వెళ్లి చూసేసరికి, ప్రతిసారీ, స్ప్రింగు దింపి ఉంటుంది. ఆ చేతులతో నువ్వే దింపావా అని అవ్వను ఇప్పటిదాకా అడగలేదు, అడగను కూడా.