భర్త పేరు దగ్గర ఆగిన కంప్యూటర్

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, నందిగామలో కంప్యూటర్ చూసినవాళ్ళ కంటే దాని గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి. ఓ ప్రైవేటు కాలేజీలో టెంపరరీ లెక్చరర్ని. ఉన్న ఒక్క కంప్యూటర్ గది తాళంచెవి నా జేబులో ఉండేది, అంతకుమించి నాకు హోదా లేదు. హైదరాబాదులో ఏదో సదస్సట, మనిషిని ప్రశ్నలడిగి పని నడిపించే ప్రోగ్రాములు ఎలా తయారుచెయ్యాలో ఒక పూట పాఠం చెప్పగలవాళ్ళు ప్రతిపాదనలు పంపాలట. ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "వాళ్ళు ఒప్పుకుంటే నిన్ను పర్మినెంటు చేయిస్తానయ్యా. లేకపోతే వచ్చే ఏడు నిన్ను ఉంచుకోవటం నా చేతిలో లేదు" అన్నారు. ఎవరికి చెబుతాను, ఎంతసేపు చెబుతాను, వాళ్ళేం నేర్చుకుంటారు అని ఆరు పేజీలు దంచాను. (నాకు రానివి కూడా నేర్పుతానన్నాను.) ఆస్పత్రిలో చీటీ రాసే ముందు వివరాలడిగే నా ప్రోగ్రామును ఉదాహరణగా పెట్టాను. ఏ ప్రశ్నకైనా జవాబు ఖాళీగా వదిలితే అది ముందుకు కదలదు. అదే దాని గొప్పతనమని కింద గీత గీసి మరీ రాశాను. వాళ్ళు తిరుగు టపాలో ఒకటే అడిగారు: కంప్యూటర్ ఎన్నడూ చూడని మనిషి చేత దీన్ని వాడించి, ఏం జరిగిందో రాయండి.

జగ్గయ్యపేటలో మా మేనత్త ఉండేది. సున్నపు బట్టీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన మామయ్య ఆర్నెల్లుగా మంచాన ఉన్నాడు. నేను బతిమాలితే ఆయన్ని పక్కింటావిడకి అప్పగించి బస్సెక్కి వచ్చింది. చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలో కొంగు కప్పుకుని, "ఈ చలికి మీ మామయ్యయితే దగ్గి చచ్చేవాడురా" అంది. తెర మీద ఇంగ్లీషు కాబట్టి అది అడిగింది నేను చదవాలి, అత్త చెప్పింది నేను టైపు కొట్టాలి, నా మాట కలపకూడదు. ఇదీ నేను పెట్టుకున్న నియమమే. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. "భర్త పేరు?" అని చదివాను. అత్త నేలచూపులు చూసింది.

"నీకు తెలుసుగా, నువ్వే కొట్టు."

"నేను చెప్పకూడదత్తా. నువ్వే చెప్పాలి."

"ఆయన పేరు నేనెత్తటమేంట్రా? ఎత్తితే ఆయుష్షు తగ్గుద్దంటారు. అసలే మంచాన ఉన్న మనిషి."

"అవన్నీ ఉత్తమాటలు. నా ఉద్యోగమత్తా ఇది."

ఉద్యోగమనేసరికి నా ముఖంలోకి చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ పేరు పలికింది. నేను టకటకా కొట్టేశాను. "మనిషికి ఏ ఇబ్బందీ కలగలేదు" అని రిపోర్టు రాసి ఆ సాయంత్రమే పోస్టు చేశాను.

తొమ్మిదో రోజున మామయ్య పోయాడు. బట్టీ దుమ్ము తినేసిందని డాక్టరుగారన్నారు. నాకూ తెలుసు. అయినా దినాలు జరిగినన్ని రోజులూ అత్త ఎదటపడకుండా తప్పించుకు తిరిగాను. చివరికి ఆవిడే పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మళ్ళీ అడుగుద్దేమో నీ మిషను, పిలువురా, వస్తా" అంది. "ఇప్పుడు ఎన్నిసార్లయినా చెబుతా."

ప్రతిపాదన ఒప్పుకున్నారు. ఉద్యోగమూ పర్మినెంటయింది. హైదరాబాదులో పాతికమంది ముందు పాఠం బాగానే నడిచింది, ఆ ప్రశ్న వచ్చేదాకా. దాటేద్దామని బటన్ నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి మామయ్య పేరు కొడితేగాని ముందుకు పోలేదు. కింద గీత గీసి మరీ గొప్పలు రాసుకున్న ఆ కుర్ర లెక్చరరు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. అత్త కూడా నవ్వి ఉంటే ఇంకాస్త గట్టిగా నవ్వేవాణ్ణి.