నిలబడి బతికిన మా మేనత్త

మొన్న బుధవారం పొద్దున మా మేనత్త పోయింది. ఛత్రినాకలో, తన ఇంట్లో, తన మంచం మీదే. అమ్మ ఫోన్ చేసి చెప్పగానే ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ తర్వాత, ఆమెను తీసుకుపోవడానికి క్యాన్సర్‌కు కూడా చాలా తిప్పలైందని గుర్తొచ్చి కొంచెం గర్వంగా అనిపించింది.

సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం అయిపోయినా కూర్చోవడం ఆమెకు అలవాటు కాలేదు. చాయ్ నిలబడే తాగేది. పెళ్లికి పోతే కుర్చీ చూపించినవాళ్లకు ఒక దండం పెట్టి, వడ్డన దగ్గరికి నడిచేది. ఇంట్లో ఎవరైనా నావల్ల కాదని కూలబడితే, "ముందటికి జరుగు, జాగ ఉన్నది" అనేది. నేను డిగ్రీ తప్పినప్పుడూ అదే మాట, మొదటి ఉద్యోగం పోయినప్పుడూ అదే మాట. వింటే ఒళ్లు మండేది. కానీ జరిగేదాన్ని.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక గండం గడిచిందనుకున్నాం. కొన్నేళ్లకు నడుం నొప్పి మొదలైంది. బస్సుల్లో నిలబడ్డ ఫలితమేలే అని బామ్ రాసుకుంటూ వచ్చింది. ఒకరోజు శాలిబండలో కూరగాయలు కొని నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. వెనక ఎవరో పిలిచి చూపించేదాకా ఆమెకు తెలియలేదు. ఆ రోజే నన్ను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది.

వెన్నెముకకు పాకిన గడ్డ లోపలున్న వెన్నుపామును నొక్కుతోందని డాక్టర్ చెప్పాడు. గడ్డ తగ్గడానికి రేడియేషన్ ఇవ్వాలి. మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అది. ఆ కరెంటు పనిచేసేలోగా వాపు దిగి కాళ్లు పడిపోకుండా ఉండటానికి స్టెరాయిడ్ గోలీలు ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి. పొద్దున తిన్నాకే వేసుకోవాలి, తాము తగ్గించేదాకా సొంతంగా ఆపొద్దు అన్నాడు. జబ్బు మొత్తానికి పోదనీ, ఉన్న నడకను కాపాడటమే ఇప్పుడు చేయగలిగిందనీ దాచకుండా చెప్పాడు. అత్త అంతా విన్నది.

"ఎన్ని దినాలుంటనో ఫికర్ లేదు సార్. ఉన్నన్ని దినాలు నా కాళ్ల మీద నేనుండాలె."

కరెంటు మొదలైంది. గోలీలతో విపరీతమైన ఆకలి, షుగర్ వచ్చాయి. మొహం గుండ్రంగా ఉబ్బింది. అత్త ఒళ్లు చేసిందని, జబ్బు మాయమైందని గల్లీ ఆడవాళ్లు సంబరపడితే ఎవరినీ కాదనలేదు, మస్తు తింటున్నానని నవ్వేది. నొప్పి కూడా తగ్గుతూ వచ్చింది.

అంతలో ఆషాఢం వచ్చింది. కాళ్లు నిలపమని అమ్మవారికి మొక్కుకుని శని, ఆదివారాలు ఉపవాసం పట్టింది. తిన్నాక వేసుకోమన్న గోలీ కదా, తిననప్పుడు ఎలా వేసుకుంటారని రెండు రోజులూ దాన్ని ముట్టలేదు. ఆమె లెక్కలో అది డాక్టర్ మాటను తు.చ. తప్పకుండా పాటించడమే. ఆదివారం సాయంత్రం మంచం దిగబోయి కూలిపోయింది.

వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయాం. గోలీ ఆగేసరికి వాపు మళ్లీ పెరిగిందని ఇంజెక్షన్ ఇచ్చి మందు మళ్లీ మొదలుపెట్టారు, కరెంటు ఆపలేదు. కాళ్లు వస్తాయో రావో మాత్రం డాక్టర్ చెప్పలేనన్నాడు. పాదం మీద చెయ్యి వేస్తే తెలియడం లేదంది అత్త. అయినా పడుకున్నచోటే బొటనవేలి వైపు గుడ్లురిమి చూస్తూ, కదలమని దాన్ని తిట్టేది. టికెట్ తీసుకోని ప్యాసింజర్లను కూడా అంత తిట్టి ఉండదు. ఒక మధ్యాహ్నం ఆ వేలు కదిలింది. ఆ తర్వాత వాకర్ వచ్చింది. పడింది, లేచింది, మమ్మల్ని పట్టుకోనివ్వలేదు.

మా గల్లీలో బోనాల ఆదివారం వచ్చింది. అత్త పొద్దున్నే ప్లేటు నిండా ఉప్మా తిని గోలీ వేసుకుంది. బోనం వండే ఇంట్లో ఈ ఒక్క పూటన్నా పస్తుండవా అని అమ్మ నొచ్చుకుంది.

"నేను పస్తుంటే నా కాళ్లు గూడ పస్తుంటయి వదినా. అమ్మవారు గూడ ఆడమనిషే, సమజ్ జేసుకుంటది."

బరువు ఎత్తొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు కాబట్టి ఏటా ఆమె ఎత్తే బోనం ఈసారి నా తల మీదికి వచ్చింది. గడప దాకా వాకర్‌తో వచ్చి, దాన్ని పక్కకు నెట్టేసి, తలుపు చెక్కను పట్టుకుని నిలబడింది. బోనం ఎత్తుకున్నవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి పంపడం మా దగ్గర ఆనవాయితీ. వంగడం ఆమెకు సాధ్యం కాదు. నిలబడే చెంబు వంచింది. సగం నా కాళ్ల మీద, సగం తన పాదాల మీద పడ్డాయి.

"సల్లగ తాకుతున్నయి బిడ్డా," అంది.

తల మీద బోనం ఉంది, కిందికి చూసే వీలు లేదు. చెంబులో మిగిలిన నీళ్లన్నీ తన పాదాల మీదే మెల్లమెల్లగా పోసుకుంటున్న చప్పుడు మాత్రం విన్నాను.